బెల్లం ఎలుగుబంటి

పక్క గదిలోంచి నా గొంతు నాకే వినిపించిన క్షణాన ఏదో ప్రమాదం ముంచుకొస్తోందని తెలిసిపోయింది. నేను వంటింట్లో పప్పుకు పోపు పెడుతున్నాను. నా నోరు మూసుకునే ఉంది. అయినా గోడ అవతల నా మాటలే, నా వేగంతోనే వినిపిస్తున్నాయి. "మెట్ల మీద మెల్లగా. నీళ్లు తాగినవా? చెమట తుడుచుకో. ఆ కుక్క దగ్గరికి పోకు, దానికి ఇంజెక్షన్లు ఇప్పించిన్రో లేదో." మధ్యమధ్యలో మా చిన్నవాడి నవ్వు, ఊపిరాడనంత నవ్వు.

తలుపు తోసి చూశాను. మా అమ్మాయి నా చున్నీ తలకు చుట్టుకుని, మోచేతులు రెక్కల్లా ఆడిస్తూ, తమ్ముడి చుట్టూ తిరుగుతోంది. నన్ను చూసి రెక్కలు ముడిచేసింది. బడిలో నాటకం వర్క్‌షాప్ పెట్టారట. తనకు కోడిపెట్ట వేషం వచ్చిందట. ఇంట్లో ఎవరైనా ఎలా మాట్లాడతారో బాగా గమనించి, ఆ తీరునే వేషానికి వాడుకోమని మేడం చెప్పిందట. శనివారం తల్లిదండ్రులందరి ముందు ప్రదర్శన.

"చెయ్యనా వద్దా మమ్మీ?" అని అడిగింది.

చూద్దాం అన్నాను. మా ఇంట్లో ఆ మాటకు వద్దనే అర్థమని పిల్లలిద్దరికీ తెలుసు. పప్పు మాడింది. దాన్నే పెరుగులో కలుపుకుని తిన్నారు.

ఇప్పుడు వాళ్లు నిద్రపోతున్నారు. టిఫిన్ బాక్సులు కడిగి బోర్లించి ఇది రాయడానికి కూర్చున్నాను. సాయంత్రం కోపమే వచ్చింది. ఊరి జనమంతా నన్ను చూసి నవ్వుతారు కదా అనిపించింది. నేను నిజంగా అన్నిసార్లు అంటానా ఆ మాటలు? లెక్కపెట్టుకుందామని మొదలుపెట్టి మానేశాను. కోపం దిగిపోతుంటే దాని వెనక ఎక్కడినుంచో నానిన కాగితాల వాసన వచ్చింది. ఆ వెనకే కొత్త బెల్లం వాసన. మా తాత గొంతు సవరించుకున్న చప్పుడు కూడా వినిపించినట్టే అయింది.

బాన్సువాడలో నేను చదివిన బడికి అప్పట్లో ఒక రేకుల షెడ్డు ఉండేది. ఇప్పుడు అక్కడ మేడ కట్టారు. ఎండ ముదిరేకొద్దీ ఆ రేకులు టకటకమని చప్పుడు చేసేవి. పైన ఎవరో వేరుశనక్కాయలు ఒలుస్తున్నట్టుండేది. ఒంటిపూట బడులు మొదలైన వారంలో ఆ షెడ్డులోకి ఇద్దరు కొత్త మనుషులు వచ్చారు. భార్యాభర్తలు. భుజాలకు గుడ్డ సంచులు, ఆమెకు కురచ జుట్టు. మధ్యాహ్నాలు పిల్లలకు వర్క్‌షాప్ పెడతామన్నారు. ఆ మాట మేం బోరు మోటార్లు బాగుచేసే దుకాణాల బోర్డుల మీద తప్ప ఎక్కడా చూడలేదు. స్పానర్లు చేతికిస్తారని మగపిల్లలు ముందుగా పరుగెత్తి పేర్లిచ్చారు. తీరా చూస్తే అక్కడ ఉన్నవి పాత పేపర్ల కట్టలు, జిగురు బకెట్లు, ఒక డప్పు.

నేను అప్పటికి క్లాసులో చెయ్యెత్తి ఎరగని పిల్లను. హాజరు పిలిస్తే పలికే మాట కూడా నా పక్కన కూర్చునే నా నేస్తమే గట్టిగా అందించేది. ఆమె తండ్రి తాపీమేస్త్రీ, ఆయనను అబ్బా అని పిలిచేది. ఆమెకు దేనికీ భయం లేదు. నన్ను ఆ షెడ్డులోకి లాక్కెళ్లింది కూడా ఆమే.

మొదటి మధ్యాహ్నం ఆట ఏమిటంటే, మా ఇంట్లోని ఎవరిలాగైనా నడవాలి. మిగతావాళ్లు వాళ్లెవరో పోల్చుకోవాలి. నా వంతు వచ్చింది. ఏం చేయాలో తోచక మూలనున్న చీపురు కర్ర తీసుకుని, గొంతు సవరించుకుని, కర్రతో నేలను ఒక్కసారి పొడిచి, "సమజైందా?" అన్నాను. షెడ్డంతా ఘొల్లుమంది. ఒక్కరు కూడా తప్పు చెప్పలేదు. మా తాతను ఎరగనివాళ్లు ఆ చుట్టుపక్కల ఎవరున్నారు?

నవ్వు అంటే నన్ను చూసి నవ్వడమేనని అప్పటిదాకా అనుకునేదాన్ని. నా వల్ల కూడా నవ్వుతారని ఆ రోజు తెలిసింది. ఇంటికి ఎగురుకుంటూ వెళ్లాను. చెప్పులు షెడ్డులోనే మరిచిపోయాను.

తాత గురించి కొంచెం చెప్పాలి. నస్రుల్లాబాద్ వైపు వెళ్లే దారిలో కాలువ పక్కన మా పొలం. తూముకు ఆనుకునే ఉండేది. నిజాంసాగర్ నీళ్లు వదిలినప్పుడు ముందు మా మళ్లు నిండాలి, ఆ తర్వాతే కిందివాళ్లకు. వరి పొట్ట మీదున్న రోజుల్లో కింది పొలాలవాళ్లు పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చునేవాళ్లు. అవ్వ అందరికీ చాయ్ పోసేది. వాళ్లు మెల్లగా అడిగేవాళ్లు. తాత గొంతు సవరించుకునేవాడు, కర్రతో నేలను పొడిచేవాడు, ఎప్పుడూ ఒకటే మాట. "నా మళ్లు నిండినంక ఇడుస్త. తొందరేమున్నది? సమజైందా?" ఎదుటివాళ్లు తలూపేదాకా కదిలేవాడు కాదు. అలాగని చెడ్డవాడేం కాదు. మా చెరుకు గానుగ ఆడే రోజుల్లో ఊళ్లోని పిల్లలందరికీ వేడి బెల్లం ఆకులో పెట్టి పంచేవాడు. ఒక్క నీళ్ల దగ్గరే ఆయన వేరే మనిషి.

మీ ఇళ్లలో పెద్దవాళ్లు దేనికి గట్టిగా అరుచుకుంటారని వర్క్‌షాప్ అక్క ఒకరోజు అడిగింది. అందరం ఒకేసారి నీళ్లకని చెప్పాం. మా నాటకం అక్కడినుంచి పుట్టింది. అడవిలో కాలువ. కాలువ మొదట్లో ఒక ఎలుగుబంటి కూర్చుంటుంది. కింద కొంగ, జింక, కప్పలు దాహంతో ఎదురుచూస్తుంటాయి. కొంగ నా నేస్తం. ఎలుగుబంటి ఎవరో చెప్పే పని లేదు. మొదటి రోజే అందరూ నాకు ఓటేసేశారు. ఎలుగుబంటి మాటలు నేను కొత్తగా కల్పించింది లేదు, మా అరుగు మీద వినేవే.

ఇదంతా ఇంట్లో చెప్పక తప్పలేదు. ఎందుకంటే బాగా ఆడితే మమ్మల్ని నిజామాబాద్‌లో జిల్లా పిల్లల పండుగకు తీసుకెళ్తామన్నారు. బస్సులో ప్రయాణం, రాత్రి అక్కడే బస, మెత్తటి బన్ను, పాలు. నా నేస్తం, నేను ఆ బన్ను గురించి రోజూ మాట్లాడుకునేవాళ్లం. తాత మాత్రం మా ఇంటి ఆడపిల్ల స్టేజీ ఎక్కడమేమిటన్నాడు. అవ్వ నా పక్షం తీసుకుంది. పిల్ల మొహమే కనబడదట, కుండలాంటిది తలకు తొడుగుతారట, లోపల ఎవరున్నారో దేవుడికి కూడా తెలియదని చెప్పింది. తాత చాలాసేపు చుట్ట తాగాడు. చివరకు ఒప్పుకున్నాడు.

"మొకం కనవడొద్దు. మైకుల పేరు చెప్పొద్దు. మొకం కనవడ్డదా, ఇగ నిజామాబాద్ లేదు, ఏం లేదు. సమజైందా?"

తలూపాను. ఎలుగుబంటి ఎలా మాట్లాడుతుందో ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

మాస్కులు చేయడం అన్నిటికంటే సంతోషంగా గడిచిన పని. పేపర్లు చింపి తొట్టిలో నానబెట్టేవాళ్లం. చేతులు మోచేతుల దాకా బూడిదరంగు. కాగితం నానిన వాసన మొదటి రోజు బాగుండేది, మూడో రోజుకు పులిసేది. మా ఇళ్లలో పాత చేటలకు కాగితం గుజ్జు అలకడం అందరికీ తెలిసిన పనే కాబట్టి, అవ్వ ఒకరోజు షెడ్డుకే వచ్చి గుజ్జులో నానబెట్టిన మెంతులు రుబ్బి కలిపింది. గట్టిగా ఉంటుంది, పురుగు పట్టదు అంది. ఆ గుజ్జును బోర్లించిన కుండల మీద పూసి ఎండబెట్టాలి. ఎండాక కుండ మీదనుంచి ఊడదీసి కళ్లకు, నోటికి కంతలు చేయాలి. ఆకలేస్తే మురుమురాల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలుపుకుని బూడిదరంగు చేతులతోనే తినేవాళ్లం.

నా మొదటి ఎలుగుబంటి ఎండింది. తలకు తొడుక్కుని మాట్లాడబోతే పెదాలకు మెంతి చేదు తగిలింది. నాలుకంతా చేదు. ఒక మాట అనడం, ఉమ్మడం, ఇంకో మాట అనడం. నా నేస్తం కొంగ మాస్కు టోపీలాంటిదే అయినా, చెమటతో పాటు ఆ చేదు కారి ఆమె నోట్లోకీ వచ్చేది. నేనూ నా నేస్తం షెడ్డు వెనక్కి వెళ్లి ఆలోచించాం. మా ఇంట్లో చేదు కషాయం తాగిస్తే వెంటనే నోట్లో బెల్లం ముక్క పెట్టేవాళ్లని నేను చెప్పాను. ఆమె కళ్లు మెరిశాయి.

"మా అబ్బా పాత మసీదు గోడకు సున్నంల బెల్లం కలిపిండు. నూరేండ్లైనా ఊడదంటడు. బెల్లమే కలుపుదాం. తియ్యగ ఉంటది, గట్టిగ ఉంటది."

అంతకంటే తెలివైన మాట నేను వినలేదు. ఆ ఏడు మా గానుగ అప్పుడప్పుడే ఆగింది. ఇంట్లో బెల్లం ముద్దలు గోనెసంచుల్లో ఉన్నాయి. ఒకటి పావడాలో దాచి తెచ్చాను. దారిలో ఇద్దరం కొంత తినేశాం. మిగిలింది నీళ్లలో కరిగించి, మెంతులు లేని గుజ్జులో కలిపాం. మా ఇద్దరి మాస్కులు మళ్లీ చేశాం. ఎలుగుబంటికి కొబ్బరిపీచు జుట్టు అతికించాం. అందరి మాస్కులూ వెలిసిన గోడల్లా ఉంటే మా రెండూ నిగనిగలాడాయి. ఆ మెరుపు చూసి వర్క్‌షాప్ సార్ కూడా మెచ్చుకున్నాడు. లోపల నాలుక తగిలితే తియ్యన. రిహార్సల్లో నేను మాటల మధ్య నోటి కంత అంచు నాకేదాన్ని.

ప్రదర్శనకు ముందురోజు హెడ్మాస్టరు మా ఇంటికి వచ్చి, పెద్దమనిషిగా ముందు వరుసలో కూర్చోవాలని తాతను పిలిచి వెళ్లాడు.  పొద్దున్నే నా నేస్తానికి చెప్పాను. తాత ముందు కూర్చుంటాడు, నేను తాతలా మాట్లాడాలి. ఆమె చాలా తేలిగ్గా తీసుకుంది.

"కుండల నించి మాట్లాడితె గొంతు ఎవలిదో తెలుస్తదా? మాస్కుండంగ నీకేం ఫికర్? తియ్యకు, గంతే."

సాయంత్రం షెడ్డు నిండిపోయింది. దుప్పట్లు కట్టి తెర చేశారు. ముందు పెద్దవాళ్లకు కుర్చీలు, వెనక టార్పాలిన్ల మీద జనం. కింది పొలాలవాళ్లు పిల్లాపాపలతో వచ్చి కూర్చున్నారు. ముందు వరుస మధ్యలో తాత. తెల్లటి పంచె, మోకాళ్ల మధ్య కర్ర, పక్కన స్టూలు మీద అతిథులకు పెట్టిన నీళ్ల జగ్గు. దుప్పటి సందులోంచి ఆయనను చూశాను. త్వరగా మాస్కు తొడిగించుకుని వెళ్లి కాలువ మొదట్లో కూర్చున్నాను. తెర లేచింది.

జింక, కప్పలు వచ్చి బతిమాలాయి. నేను గొంతు సవరించుకున్నాను. కుండలోంచి వచ్చిన ఆ చప్పుడుకే వెనక టార్పాలిన్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. కర్రతో నేలను పొడిచాను. "నా మళ్లు నిండినంక ఇడుస్త. తొందరేమున్నది?" అన్నాను. నవ్వు వెనకనుంచి ముందుకు పాకింది. "సమజైందా?" అనేసరికి షెడ్డు అదిరిపోయింది. కంతల్లోంచి చూస్తే తాత కూడా నవ్వుతున్నాడు. పక్క కుర్చీలో హెడ్మాస్టరు భుజం తట్టి, ఎంత మొండి ఎలుగుబంటి చూడు అన్నట్టు నన్ను చూపిస్తున్నాడు. ఆయనకు ఏమీ తెలియలేదు. నాకు రెక్కలొచ్చినట్టయింది.

అప్పుడు నా ముక్కు మీద ఏదో నడిచింది.

ఒకటి కాదు. కొబ్బరిపీచు జుట్టులో కాపురం పెట్టిన ఎర్రచీమలన్నీ నా చెమట తడికి లేచాయి. మొదటిది చెవి వెనక కుట్టింది. కొంగ మాస్కు తల మీద టోపీలా ఉంటుంది కాబట్టి నా నేస్తం మొహం బయటే ఉంది. ఆమె మెడ గోక్కుంటూ నా పక్కకు వచ్చి, పెదాలు కదలకుండా "చీమలు" అంది. తెలుసన్నాను. తియ్యకు అంది. నాకు నిజామాబాద్ బస్సు కనబడింది, బన్ను కనబడింది. పళ్లు బిగపట్టి ఓర్చుకున్నాను. ఓర్చుకోలేక ఎగిరాను. ఎలుగుబంటి తల పట్టుకుని గిరగిరా తిరిగింది, ఒంటికాలి మీద గంతులేసింది. డప్పు కొట్టే పిల్లవాడు ఇది కొత్తగా పెట్టిన ఆట అనుకుని దరువందుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు, ఈలలేశారు. నా కంటిరెప్ప మీద ఒకటి కుట్టింది.

ఇక నావల్ల కాలేదు. రెండు చేతులతో మాస్కు పీకి పక్కన పడేశాను.

దరువు ఆగింది. ఈలలు ఆగాయి. రేకులు కూడా చప్పుడు మానేశాయనిపించింది. ఎర్రగా వాచిన మొహంతో, జుట్టు నిండా చీమలతో నేను నిలబడి ఉన్నాను. నాకు రెండు బారల దూరంలో తాత. ఆయన నవ్వు మొహం మీద అలాగే ఉండి, కళ్లలోంచి మాత్రం జారిపోయింది. నన్ను చూశాడు. నా కాళ్ల దగ్గర పడి ఉన్న చీపురు కర్రను చూశాడు. తన చేతిలోని కర్రను చూసుకున్నాడు. ఈలోగా వెనక కూర్చున్నవాళ్లంతా ఆయన వీపునే చూస్తున్నారు.

నాటకంలో నా తర్వాతి మాట నాకు గుర్తుకు రాలేదు. మొహమంతా మంట. చివరకు నోట్లోంచి ఏది వచ్చిందో అదే వచ్చింది.

"నీళ్లిడుస్త. అందరికి ఇడుస్త. ముందుగాల నా మీద గిన్ని నీళ్లు పొయ్యుండ్రి."

ముందు ఒక ముసలాయన నవ్వాడు. మా తూము కింద ఆఖరి మడి ఆయనది. ఆయన నవ్వు ఆగలేదు. దాంతో షెడ్డంతా విరగబడి నవ్వింది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఆ నవ్వులో తాత లేచాడు. కర్రను కుర్చీకి ఆనించాడు. స్టూలు మీది జగ్గు తీసుకుని స్టేజీ దగ్గరికి నడిచాడు. కొడతాడనుకుని నేను కళ్లు మూసుకున్నాను. చల్లటి నీళ్లు నా నెత్తి మీద పడ్డాయి. తాత ఒక చేత్తో పోస్తున్నాడు, ఇంకో చేత్తో నా జుట్టులోంచి చీమలు దులుపుతున్నాడు. జగ్గు ఖాళీ అయ్యాక తన కండువాతో నా మొహం తుడిచాడు. తుడుస్తూ, నాకొక్కదానికే వినబడేంత మెల్లగా అన్నాడు.

"సమజైంది బిడ్డా."

ఆ తర్వాత ఆయన తూము వదిలేసి సాధువైపోయాడని చెప్పను. మా అరుగు మీద నీళ్ల మాటలు ఆ తర్వాత కూడా జరిగాయి. కాకపోతే ఆయన గొంతు సవరించుకోగానే ఎవరో ఒకరు మెల్లగా, పటేలా చీమలొస్తున్నయి అనేవాళ్లు. తాతకు నవ్వు ఆగేది కాదు. నవ్వుతూ మొండిగా ఉండటం ఆయనకు చేతకాలేదు. మాట మధ్యలోనే దిగివచ్చేవాడు.

బెల్లం ఎలుగుబంటిని అవ్వ మా బర్రె ముందు పడేసింది. అది నాకి నాకి, పీచు తప్ప అంతా తినేసింది. సున్నం సంగతి వేరు, కాగితం సంగతి వేరని మేస్త్రీ తన కూతురికి నవ్వు ఆపుకుంటూ చెప్పాడట. వర్క్‌షాప్ సార్ నిజామాబాద్ మాట ఎత్తడానికి భయపడి వాకిట్లోనే నిలబడితే, తాతే ఆయనను పిలిచి కూర్చోబెట్టాడు. ఎండకాలం, పిల్లకు మాస్కు వద్దు, ఉత్త మొహంతోనే బాగా చేసింది అన్నాడు. వెళ్లే రోజు బస్టాండుకు వచ్చి కిటికీలోంచి నాకు తన కర్ర ఇచ్చాడు. చీపురు కర్ర అయితే ఆ చప్పుడు రాదన్నాడు. మెత్తటి బన్ను నేనూ నా నేస్తం చెరి సగం చేసుకుని తిన్నాం. మేం అనుకున్నంత గొప్పగా ఏం లేదు. అయినా ఆ రుచి ఇప్పటికీ నా నోట్లో ఉంది.

పెద్దయ్యాక నేను ఎందుకు ఇంత భయస్తురాలినయ్యానో తెలియదు. పిల్లలు పుట్టాక మెట్లు నిటారుగా అయ్యాయి, కుక్కలకు పళ్లు పెరిగాయి. ఆ జగ్గు పట్టుకుని స్టేజీ వైపు నడిచినప్పుడు తాతకు లోపల ఎలా ఉండి ఉంటుందో ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు. ఇవాళ సాయంత్రం నేనూ మాడిన పప్పు గిన్నె ముందు నిలబడ్డాను కాబట్టి, ఇప్పుడు ఇది రాస్తుంటే తెలుస్తోంది.

తెల్లవారింది. ఈ చివరి నాలుగు మాటలు పిల్లలు బస్సెక్కాక రాస్తున్నాను. పొద్దున జడ వేస్తుంటే మా అమ్మాయి కోడిపెట్ట ఊసే ఎత్తలేదు. నేనే ఎత్తాను. "నీళ్లు తాగినవా అని నేను ఒక్కసారి అడగను, రెండుసార్లు అడుగుతా. రెండోసారి గొంతు కొంచెం పైకి లేస్తది. నువ్వు ఒక్కసారే అంటున్నవు" అన్నాను. ఆమె అద్దంలోంచి నన్ను చూసింది. మెల్లగా, రెండోసారి గొంతు లేపి, అని చూపించింది. అచ్చం నేనే. పాలు తాగుతున్న చిన్నవాడికి నవ్వుతో పొలమారింది.

"శనివారం నేను ముందు వరుసలో కూర్చుంటా" అని ఇద్దరికీ చెప్పాను. "నా చేతిలో నీళ్ల సీసా ఉంటది. ఎందుకని అడగకుండ్రి. వచ్చినంక చెప్త."